గడప లేని తలుపు

అగ్నిమాపక శాఖలో కొత్తగా చేరే పిల్లలకి శిక్షణలో ఒక కథ చెబుతారు. రాజమండ్రిలో ఒక పబ్బు అంటుకోవడం, లోపలున్న కాలేజీ పిల్లలు వెనక తలుపులోంచి క్షేమంగా బయటపడటం, ఆ తలుపు అక్కడ ఉండేలా చేసిన ఒక అధికారి ముందుచూపు. మీలో చాలామంది వినే ఉంటారు. ఆ కథ చివర 'ఆయన పిలవగానే వచ్చిన మరొక అధికారి కూడా సహకరించారు' అని ఒక ముక్క వస్తుంది. ఆ మరొక అధికారిని నేనే.

ఉద్యోగం అయిపోయింది. పెన్షను వస్తోంది, బీపీ మాత్ర వేసుకుంటున్నాను. ఇక ఎవరికీ జడవక్కర్లేదు కాబట్టి ఆ కథ నా వైపు నుంచి చెబుతాను. ముందే చెప్పేస్తున్నాను, ఇది అసూయతో చెప్పే కథ, న్యాయంగా ఉంటుందని ఆశ పెట్టుకోకండి. ముప్పై ఏళ్ళ పైచిలుకు ఊళ్ళో వాళ్ళ మంటలు ఆర్పాను గాని నా కడుపుమంట ఆర్పుకోలేకపోయాను. దానికి ఏ ఫైరింజనూ రాదు.

ఆ మంటకి కారణమైన మనిషిని ఇక్కడ కొవ్వూరాయన అంటాను. నేను రాజమండ్రి స్టేషన్ ఆఫీసర్ని, ఆయన గోదావరికి అవతల కొవ్వూరు స్టేషన్ ఆఫీసరు. ఇద్దరం ఒకే రోజు ఉద్యోగంలో చేరాం, ఒకే చోట శిక్షణ పొందాం. నిచ్చెన ఎక్కడంలో నేనే ముందు. గొట్టం పరవడంలో నేనే ముందు. తాడు ముడి వేయడంలో ఆయన వేళ్ళు ఎప్పుడూ తడబడేవి. అయినా శిక్షణ ముగిసేనాటికి మాకు నేర్పిన పెద్దాయన ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఇదిగో, అధికారి అంటే ఇలా ఉండాలి" అన్నాడు. నా వైపు చూసి, "నువ్వు కాస్త మొహం సడలించుకో" అన్నాడు. అది మొదలు.

మా వైపు మనుషుల మర్యాద సంగతి మీకు తెలుసు కదా. తిట్టినా 'అండి' చేర్చి తిడతారు. నేనూ ఇక్కడివాణ్ణే. నాకూ ఆ 'అండి' నోట్లో పలుకుతుంది గాని మొహంలో పలకదు. కొవ్వూరాయనకి నఖశిఖపర్యంతం పలికేది. కల్యాణమండపంలో వంటవాళ్ళు గ్యాసు సిలిండర్లు పొయ్యి పక్కనే పేర్చుకుంటే నేను వెళ్ళి కేకలేసి అవతల పెట్టించేవాణ్ణి. నేను గేటు దాటగానే అవి మళ్ళీ పొయ్యి పక్కకి వచ్చేసేవి. అదే పని మీద ఆయన వెళ్తే, ముందు పులుసు రుచి చూసి, "అద్భుతంగా కుదిరిందండి, ఆ సిలిండర్లు మాత్రం కాస్త ఆ చెట్టుకిందకి జరిపించండి బాబూ, మీ చేతి వంట ఇంకా చాలా పెళ్ళిళ్ళు తినాలి" అనేవాడు. ఇక అవి చెట్టుకిందే ఉండేవి. నోరు మంచిదైతే ఊరు మంచిదన్న సామెతని నేను ఎంత అసహ్యించుకున్నానో మీకు చెప్పలేను.

నా మనుషులు కూడా ఆయన పార్టీయే. మా స్టేషన్ డ్రైవరు రోజూ పొద్దున్నే బండి తుడుస్తూ కొవ్వూరాయన ముచ్చట్లు చెప్పేవాడు. మంటతో ఆయన 'కాస్త తగ్గండి' అంటే తగ్గుతుందని మావాళ్ళ హాస్యం. ఇంట్లో మా ఆవిడ సరేసరి. ఒకసారి దారిలో కనబడి "అమ్మా, బావున్నారా, మోకాలి నొప్పి తగ్గిందాండి?" అని అడిగాడట. మోకాలి నొప్పి సంగతి నాకే సరిగ్గా తెలియదు.

ఇక పబ్బు విషయానికొస్తాను.

అది హైవే దగ్గర ఒక వ్యాపార సముదాయం మొదటి అంతస్తులో వచ్చింది. యజమాని పాలకొల్లు వైపు రైసుమిల్లులు నడిపిన ఆసామి. పబ్బంటే ఏమిటో కొడుకు చెబితే తెలుసుకున్నాడు గాని, వాస్తు సంగతి మాత్రం ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పాలు పొంగించి, సత్యనారాయణ వ్రతం చేసి పబ్బు తెరిచిన మనిషిని నా ఉద్యోగంలో ఆయన్నొక్కణ్ణే చూశాను. గుమ్మానికి మామిడాకుల తోరణం, లోపల నల్ల రంగు గోడలు, తిరిగే లైట్లు, పైకప్పు నిండా ప్లాస్టిక్ తీగలు, ఆకులు.

తనిఖీకి వెళ్ళాను. జనం గుమిగూడే హాలుకి ఒకదానికొకటి దూరంగా రెండు దారులుండాలి. ఒకటి పొగతో నిండితే రెండోది మిగలాలి. కట్టడం ప్లానులో రెండో తలుపు, దాని వెనక ఇనప మెట్లు ఉన్నాయి. హాల్లో చూస్తే తలుపు లేదు. ఆ మూల నల్లరంగు పలక, దాని మీద బూడిదగుమ్మడికాయ వేలాడుతోంది.

"అక్కడ తలుపుండాలి కదండీ?" అని దూరం నుంచే చెయ్యి చూపించాను.

"ఉందండి. లోపలుందండి," అన్నాడు యజమాని.

"లోపలంటే?"

"పలకేసి మూసేశామండి. నైరుతి కదండీ. నైరుతిలో నడక పెడితే యజమానికి గండమన్నారండి."

"మరి నిప్పంటుకుంటేనండి?"

ఆయన గబుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. "అలాంటి మాటలనకండి సార్. మీరు నించున్నది ఈశాన్యమండి."

నోటీసు ఇచ్చాను. తలుపుకి అడుగున గడప ఉండకూడదు, తొక్కిసలాటలో కాలు తట్టుకుంటుంది. బయటివైపుకి తెరుచుకోవాలి. లోపలినుంచి తోస్తే చాలు తెరుచుకునేలా ఉండాలి, బయట పిడి అక్కర్లేదు. ఇవన్నీ వివరంగా రాశాను. ఆయన కాఫీ ఇచ్చాడు, సరేనన్నాడు, ఏమీ చెయ్యలేదు. ఇంకో నోటీసు ఇచ్చాను. ఇంకో కాఫీ ఇచ్చాడు. మూడోసారి వెళ్ళి హాలు మూయిస్తానన్నాను. "తలుపు తెరిస్తే నాకు గండమండి, తెరవకపోతే మీకు కోపమండి. నా గండం పోదు గాని మీ కోపం పోద్ది కదండీ?" అని పూతరేకుల పెట్టె నా ముందు పెట్టాడు. నేను పెట్టె వెనక్కి తోసి లేచాను. అక్కణ్ణుంచి మా మధ్య మాటలు చెడ్డాయి.

యజమాని భార్య పుట్టిల్లు కొవ్వూరు. ఇంకేముంది, ఆయన వంతెన దాటాడు.

ఒక ఉదయం నాకు ఫోనొచ్చింది. "ఏవండీ, మీరు ఏమీ అనుకోనంటే ఒక మాటండి. మీ పరిధిలో విషయం, నేను రావడం బావుండదు. కానీ ఆయన మా ఇంటికొచ్చి కూర్చున్నాడండి. మీరు కూడా ఉంటే ఒకసారి చూద్దామండి," అన్నాడు కొవ్వూరాయన. మర్యాదగా అడిగాడు కాబట్టి కాదనడానికి వీల్లేకపోయింది. అదే ఆయనతో వచ్చిన చిక్కు.

వెళ్ళేసరికి పబ్బులో ఆయన పక్కన ఒక ముసలి సిద్ధాంతిగారు ఉన్నారు. యజమాని కుటుంబానికి ముహూర్తాలు పెట్టేది, నైరుతి తలుపు మూయించింది ఆయనేనట. గొడవకి దిగుతాడేమోనని చూశాను. కొవ్వూరాయన ఆ పెద్దాయన్ని తిరిగే లైట్ల కింద సోఫాలో కూర్చోబెట్టి, తాను కింద పీట మీద కూర్చుని, బడిపిల్లవాడిలా మొహం పెట్టాడు.

"అయ్యా, నాకు తెలియక అడుగుతానండి. శాస్త్రంలో ద్వారమని దేన్నంటారండీ?"

"అడుగున గడప, పక్కల ద్వారబంధాలు, పైన కమ్మి. వీటిలో గడప ప్రధానం. పసుపు రాసేది గడపకే, పూజ చేసేది గడపకే. లక్ష్మీదేవి వచ్చేది గడప దాటే గదా," అన్నారు సిద్ధాంతిగారు.

"ఆయ్. మరి గడపే లేకపోతేనండి?"

పెద్దాయన కాసేపు గడ్డం గోక్కున్నారు. "గడప లేకపోతే అది ద్వారమెందుకవుతుంది? గోడకి సందు అంటారు."

"పైగా అందులోంచి లోపలికొచ్చే వీలే లేదనుకోండి. బయట పిడి కూడా లేదండి. లోపలివాళ్ళు తోసుకుని బయటికి పోవడమేనండి."

"రాక లేనిచోట దోషం ఎక్కడినుంచి వస్తుందయ్యా?" అన్నారు సిద్ధాంతిగారు. "పెట్టుకోవచ్చు. గడప మాత్రం వెయ్యకండి."

యజమాని మొహం విప్పారింది. చేతులు జోడించాడు, నాకు కాదు. వారం తిరక్కుండా ఆ పలక ఊడింది, గుమ్మడికాయ వేరే మూలకి వెళ్ళింది, గడప లేని, బయట పిడి లేని, లోపలినుంచి తోసే తలుపు వచ్చింది.

నా నోటీసులో రాసింది ఏమిటి? గడప ఉండకూడదని. పిడి అక్కర్లేదని. బయటికి తెరుచుకోవాలని. అక్షరం పొల్లుపోకుండా అదే! నేను రాస్తే గండం, ఆయన అడిగితే శాస్త్రం. తలుపు వచ్చినందుకు నేను సంతోషించాలి. మీరైతే సంతోషిస్తారేమో, మీరు మంచివాళ్ళు. తిరుగుదారిలో మా డ్రైవరు స్టీరింగు తిప్పుతూ "ఏం బుర్రండి బాబూ ఆయనది!" అన్నాడు. రోడ్డు చూసి నడపమన్నాను.

తలుపుతో గొడవ తీరలేదు. హాల్లో ఇంతమందికి మించి ఉండకూడదని గుమ్మం దగ్గర బోర్డు పెట్టించాను. బోర్డు పెట్టాడు గాని పాటించలేదు. అడిగితే యజమాని నొచ్చుకున్నాడు.

"ఇంటికొచ్చినవాళ్ళని, నిండిపోయింది పొండి అంటామాండి? అదేం మర్యాదండి?"

"ఇది ఇల్లు కాదండి."

"మా గుమ్మంలోకొచ్చినవాళ్ళు మా ఇంటికొచ్చినట్టేనండి. అయినా ఇప్పుడు రెండు దారులున్నాయి కదండీ. ఇంకాస్త మంది పడితే ఏంటండీ?"

ఈ చివరి మాట నాకెంత తియ్యగా వినిపించిందో చెప్పలేను. కొవ్వూరాయన తెరిపించిన తలుపు అండతోనే యజమానికి ధైర్యం పెరిగింది, జనాన్ని పెంచాడు. అంటే ఆయన చేసిన పనిలోనూ ఒక లోపం ఉంది! ఆ లోపాన్ని ఎవరికైనా చూపించాలని నా మనసు పీకుతూనే ఉంది. జనం పెరిగితే ప్రమాదమన్న భయమూ ఉంది, అబద్ధం చెప్పను. కాని రెండింటిలో ఏది ముందు నిద్ర లేచేదో నాకు తెలుసు.

అంతలో ఒక ఆదివారం వచ్చింది. నాకు వారపు సెలవు. భోజనానికి కూర్చుని మామిడికాయ పప్పు కలుపుకుంటున్నాను. మా ఆవిడ ఫోను నా కంచం పక్కన పెట్టి, "ఇది మీరు చెప్పే పబ్బే కదండీ?" అంది. ఇంజనీరింగు కాలేజీవాళ్ళు కొత్త విద్యార్థులకి స్వాగతం పలుకుతూ పార్టీ పెట్టుకున్నారు. మధ్యాహ్నం పార్టీ, మందు లేదు, కూల్ డ్రింకులు, పాటలు, బిర్యానీ. ఆ ప్రకటన మధ్యలో గుండ్రంగా కొవ్వూరాయన ఫోటో. ముఖ్య అతిథి. భద్రత గురించి పిల్లలకి నాలుగు మాటలు చెబుతారట.

నా ఊరు. నా పరిధి. నేను నోటీసులిచ్చిన హాలు.

"మిమ్మల్ని పిలవలేదాండి?" అంది మా ఆవిడ.

"లేదు."

"పోనీలెండి. మీరైతే పిల్లల్ని భయపెడతారు."

కలిపిన అన్నం అలాగే వదిలేశాను. చెయ్యి కడుక్కుని లేచాను. ఎక్కడికంటే పనుందన్నాను. ఇంట్లో కట్టుకునే పాత చొక్కాతోనే స్కూటరు తీశాను. దారి పొడవునా నాలో నేను మాట్లాడుకుంటూనే ఉన్నాను. ఆయన వేదిక మీద భద్రత గురించి తియ్యగా చెబుతూ ఉంటాడు. కింద కాలు పెట్టే చోటుండదు. ఆ సంగతి అందరి ముందూ నేను చెబుతాను. అప్పుడు ఆ మొహం ఎలా ఉంటుందో చూడాలి. నేను వెళ్ళింది ఇందుకే. ఇంకే కారణమూ లేదు.

బయట కళ్ళు చెదిరే ఎండ. మెట్లెక్కి లోపలికి తొంగిచూస్తే చీకటి, రంగుల లైట్లు, గుండెలదిరే చప్పుడు. జనాన్ని లెక్కపెట్టబోయి మానేశాను. బోర్డు మీద రాసినదానికి రెట్టింపు పైనే ఉంటారు. మెట్ల మీద ఇంకా ఎక్కుతున్నారు. పిల్లలందరూ పదిహేడు, పద్దెనిమిదేళ్ళవాళ్ళు, కొత్త బట్టలు, కొత్త స్నేహాలు, మొహాల్లో వెలుగు. అసూయని ఒక పక్కకి నెట్టి భయం ముందుకొచ్చింది. గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాను.

"ఇంక ఎవరూ లోపలికి వెళ్ళడానికి వీల్లేదు. లోపలున్నవాళ్ళలో సగం మంది కిందికి దిగాలి."

"అంకుల్, పక్కకి జరగండి," అన్నాడొక కుర్రాడు.

యజమాని పరుగున వచ్చాడు. "సార్, మీరా! రండి రండి, భోంచేసి వెళ్దురుగాని."

"భోజనానికి రాలేదు. సగం మందిని దింపు."

"సెలవులో ఉన్నారు కదండీ మీరు? యూనిఫాం కూడా లేదు. పిల్లల పండగండి, పాడుచెయ్యకండి," అన్నాడు ఆయన, ఈసారి నవ్వు లేకుండా. కాలేజీ లెక్చరరు ఒకాయన వచ్చి నేనెవరో అడిగాడు. చెప్తే నమ్మలేదు. నా గొంతు పెరిగింది. ఆయన గొంతూ పెరిగింది. కిందికి ఒక్కడూ దిగలేదు.

ఈ గోలకి వేదిక మీదినుంచి కొవ్వూరాయన దిగి జనంలోంచి నా దగ్గరికి వచ్చాడు. చేతిలో పూలగుత్తి.

"ఏంటండీ, ఇలా వచ్చారు?"

"చూడ్డానికొచ్చానండి. మీ తలుపు చూపించి ఎంతమందిని కుక్కారో చూడ్డానికి," అన్నాను. ఆ మాట దారిలో చాలాసార్లు పాలిష్ పెట్టుకున్నదే.

ఆయన వెనక్కి తిరిగి హాలు కలియజూశాడు. మొహంలో నవ్వు పోయింది. మా పరిచయంలో అది నేను మొదటిసారి చూడటం. "నిజమేనండి," అన్నాడు. "వేదిక మీద లైట్లు కళ్ళలో పడి నాకు ఆనలేదండి. నాదే పొరపాటు."

ఒప్పేసుకున్నాడు! వాదిస్తాడని, తడబడతాడని ఎన్ని ఆశలు పెట్టుకుని వచ్చాను. ఓడిపోవడంలో కూడా ఆయనే బావున్నాడు.

పూలగుత్తి నా చేతిలో పెట్టి మైకు దగ్గరికి వెళ్ళాడు. "అమ్మా, బాబూ, ఒక్క మాటండి. కింద బిర్యానీ దింపేశారట. లెగ్ పీసులు ముందెళ్ళినవాళ్ళకేనట. ఈ సగం వాళ్ళు ముందు మెట్ల మీంచి, ఆ సగం వాళ్ళు వెనక తలుపు తోసుకుని ఆ మెట్ల మీంచి దిగండి. తోసుకోకండి బాబూ, అందరికీ ఉంది," అన్నాడు. నేను గొంతు చించుకుంటే దిగని పిల్లలు లెగ్ పీసు మాట వినగానే బిలబిలమంటూ దిగారు. కింద బిర్యానీ ఇంకా రాలేదు. యజమాని గుండె బాదుకుంటూ వాళ్ళ వెనకే పరిగెత్తాడు. నేను పూలగుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాను.

హాలు సగం దాకా ఖాళీ అయింది. వేదిక మీద సీనియర్ల నాట్యం మొదలవబోతోంది. ఆ ఏర్పాట్లు చూసే మనిషి బిర్యానీ ధ్యాసలో పడలేదు, తన మీట నొక్కాడు. వేదికకి రెండు వైపులా నిప్పురవ్వలు చిమ్మే యంత్రాలున్నాయి. ఈమధ్య పెళ్ళిళ్ళలో కూడా పెడుతున్నారు, కోల్డ్ ఫైర్ అంటారు. చల్లనిదంటూ నిప్పుకి పేరు పెట్టిన మహానుభావుడెవరో నాకు తెలియదు. ఆ రవ్వలు పైకప్పు ప్లాస్టిక్ తీగలకి తగిలాయి. ఆకులు ముడుచుకుపోయి, వాటి వెంట మంట పాకింది. పిల్లలు అదీ ఆటలో భాగమే అనుకుని చప్పట్లు కొట్టారు.

శిక్షణలో ఉన్న పిల్లలూ, ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. జనం ప్రమాదంలో కొత్త దారి వెతకరు, వచ్చిన దారినే పోతారు. చప్పట్లు ఆగి, ముద్దలు ముద్దలుగా నల్లటి పొగ దిగగానే మిగిలినవాళ్ళందరూ నేనున్న ముందు గుమ్మం మీదికే వచ్చిపడ్డారు. కరెంటు పోయింది, మైకు చచ్చిపోయింది. మైకు లేకపోతే కొవ్వూరాయన మృదువైన గొంతు పక్కవాడికి కూడా వినపడదు. అప్పుడు నా గొంతు పనికొచ్చింది. జీవితమంతా ఎవరూ మెచ్చని నా గొంతు. "వెనక్కి తిరగండ్రా! వెనక తలుపుంది! లెగ్ పీసు తలుపు! తిరక్కపోతే తంతాను వెధవల్లారా!" అని ఊళ్ళో ఉన్న తిట్లన్నీ తిట్టాను. ముందున్నవాళ్ళని నా చేతులతో లాగి మెట్ల మీదికి నెట్టాను. వెనకవాళ్ళు తిరిగారు. అవతల ఆయన ఆ తలుపుని వీపుతో తెరిచిపట్టి, వచ్చినవాళ్ళని వచ్చినట్టు బయటికి పంపుతున్నాడు. చీకట్లో, పొగలో, ఒకరి మీద ఒకరు పడుతూ పరిగెత్తేవాళ్ళకి ఆ తలుపు దగ్గర కాలికి తట్టుకునేదేదీ లేదు. నేను ఆఖరివాళ్ళని లాక్కుని దిగేసరికి నా స్టేషన్ ఫైరింజను సైరనుతో వస్తోంది. మా డ్రైవరు నన్ను పాత చొక్కాలో, ఒక కాలికే చెప్పుతో చూసి బిత్తరపోయాడు.

పిల్లలందరూ బయటపడ్డారు. కొందరికి కాలిన గాయాలు, మెట్ల మీద పడి ఒకమ్మాయికి చెయ్యి విరిగింది. ప్రాణం మాత్రం ఎవరిదీ పోలేదు. నేను వెనక వైపుకి వెళ్తే కొవ్వూరాయన ఇనప మెట్ల మీద కూర్చుని దగ్గుతున్నాడు. ఎవరో నీళ్ళ సీసా ఇస్తే, తాగకుండా నాకు చాచాడు. "ముందు మీరు తీసుకోండి, చాలా అరిచారు," అన్నాడు. తీసుకోనన్నాను. నాకు విపరీతంగా దాహం వేస్తోంది.

అక్కడితో అయిపోతే శిక్షణ కథ అవుతుంది. కాలేదు. హాలు బుగ్గిపాలైన యజమాని నా మీద ఫిర్యాదు చేశాడు. పాత నోటీసుల కక్ష పెట్టుకుని సెలవురోజు పనిగట్టుకుని వచ్చానని, గుమ్మంలో గొడవ చేసి పిల్లల్ని బెదరగొట్టానని, నా కేకల వల్లే తొక్కిసలాట జరిగి ఆ అమ్మాయి చెయ్యి విరిగిందని. లెక్చరరు కూడా అవునన్నాడు. నాకు రిటైరవడానికి కొన్ని నెలలే ఉన్నాయి. కక్షతో చేశానని తేలితే సస్పెన్షను, ఆపైన పెన్షనుకి కూడా ఎసరు. మా ఆవిడ ఆ రోజుల్లో మోకాలి నొప్పి సంగతి కూడా మరిచిపోయింది.

పైనుంచి విచారణకి వచ్చిన అధికారి పెద్దమనిషే. మమ్మల్నిద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. నన్ను అడిగిందల్లా ఒకటే.

"ఆ రోజు మీరు డ్యూటీలో లేరు. జనం ఎక్కువయ్యారని మీకెవరూ ఫిర్యాదు చెయ్యలేదు. మీకు ఆహ్వానం లేదు. మరి అక్కడికి ఎందుకెళ్ళారండీ?"

నోరు తెరిచాను. ఏమని చెప్పను? జనం ఎక్కువుంటారని అనుమానమొచ్చి వెళ్ళానంటే, అనుమానమొస్తే స్టేషన్‌కి ఫోను చేసి బండిని ఎందుకు పంపలేదని అడుగుతాడు. అసలు మాట నాలుక చివరే ఉంది. ఇదిగో ఈ పక్కన కూర్చున్న మనిషిని నలుగురిలో చులకన చెయ్యడానికి వెళ్ళానండి, ఓర్వలేక వెళ్ళానండి, అలా ఓర్వలేక వెళ్ళబట్టే ఆ హాలు సగం ఖాళీ అయిందండి. చెప్పేద్దామనే అనుకున్నాను. ఆ క్షణంలో అది నాకు చాలా గొప్ప మాటలా కూడా అనిపించింది.

"నేనే రమ్మన్నానండి," అన్నాడు కొవ్వూరాయన.

ఇద్దరం ఆయన వైపు తిరిగాం.

"ఆయన పరిధి కదండీ. జనం ఎక్కువొస్తారేమోనని నాకు గుబులుగా ఉండి, సెలవైనా సరే ఒకసారి వచ్చి చూడండని నేనే ఫోను చేసి పిలిచానండి. పాపం, అన్నం ముందునుంచి లేచొచ్చారండి."

విచారణ అధికారి మొహం తేలికపడింది. ఆయన ముందుచూపుని మెచ్చుకున్నాడు. పిలవగానే వచ్చినందుకు నన్నూ మెచ్చుకున్నాడు. నా పెన్షను నిలబడింది. మీకు శిక్షణలో చెప్పే 'మరొక అధికారి' ఆ గదిలోనే పుట్టాడు.

వరండాలోకి రాగానే ఆయన్ని పట్టుకున్నాను. "ఎందుకండీ అలా చెప్పారు? మీరెక్కడ పిలిచారు?"

"పోనీలెండి. పిల్లలు బతికారు, మీ ఉద్యోగం నిలబడింది. ఏదైతే ఏంటండీ?"

"నేను ఎందుకొచ్చానో మీకు తెలియదు."

"తెలుసులెండి," అన్నాడు నెమ్మదిగా. "గుమ్మంలో మీ మొహం చూడగానే తెలిసిందండి. అలాంటివి ఎవరైనా పై అధికారి ముందు చెప్పుకుంటారాండి? రండి, టీ తాగుదాం."

నన్ను కాపాడినందుకు ఆయనకి ఈ రోజుదాకా కృతజ్ఞతలు చెప్పలేదు. అన్నం ముందునుంచి లేచిన సంగతి మా ఆవిడే ఆయనకి చెప్పి ఉంటుందని నా అనుమానం, ఆవిడ ఒప్పుకోదు. తలుపు ఆయనదే. సిద్ధాంతిగారితో ఆ మాటలూ ఆయనవే. బిర్యానీ ఉపాయమూ ఆయనదే. ఆ వ్యవహారం మొత్తంలో నాదంటూ ఉన్నది, ఎండనపడి అక్కడికి వెళ్ళడం ఒక్కటే. అదీ ఆయన మర్యాదగా పట్టుకుపోయాడు. పైగా అది నా మేలు కోసమే.

అందుకే ఇంత దూరం చెప్పుకొచ్చాను. రేపు మీకు ఎవరైనా ఆ కథ చెప్పి, ఫలానా ఆయన ముందుచూపుతో తోటి అధికారిని పిలిపించారని అంటే, లేచి నిలబడి అడ్డుచెప్పండి. నన్నెవరూ పిలవలేదు. కుళ్ళుకుని నేనే వెళ్ళాను.